కేబుల్ తీస్తే లేవని మిషన్

నిన్న పొద్దున కరెంటు బిల్లు తీసే అతను మా మెట్టుగూడ ఇంటి గేటు దగ్గర నిలబడి, చేతి మిషన్ బటన్ నొక్కగానే దాని తెర టక్కున వెలిగింది, కాగితం బయటికొచ్చింది, అతను పక్కింటి వైపు నడిచాడు. మొక్కలకు నీళ్లు పోస్తున్న నేను ఆ తెర వెలిగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డానని తర్వాత గాని నాకే తెలియలేదు. మా కోడలు చూసి నవ్వింది. ఆ వెలుగు కోసం ఒక వేసవంతా నేను పడిన పాట్లు తనకేం తెలుసు.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కంప్యూటర్ ఉద్యోగమంటే అందరికీ అద్దాల మేడలు కావు. మాది చిలకలగూడలో మందుల దుకాణం మీద, దుమ్ము రాకుండా కిటికీలన్నీ మూసేసిన ఒకే ఒక్క గది. అక్కడ ఇలాంటి కరెంటు బిల్లు మిషన్లే తయారు చేసేవాళ్లం. వాటిని నడిపించే మూల ప్రోగ్రాం, అదే కెర్నెల్, నా వంతు. బ్యాటరీ ఆదా కావాలంటే ఇంటికీ ఇంటికీ మధ్య మిషన్ నిద్రపోవాలి, బటన్ నొక్కితే లేవాలి. మా గదిలో చక్కగా లేచేది. వీధిలోకి పోయాక నిద్రపోతే మాత్రం లేచేది కాదు, లేపడానికి బ్యాటరీ ఊడబీకి పెడితే అప్పటిదాకా తీసిన రీడింగులన్నీ పోయేవి. కొన్నవాళ్లు అన్నీ వెనక్కి పంపేస్తామన్నారు. అదే జరిగితే కంపెనీ మూతపడుతుందని మా మేనేజరు రోజూ గుర్తు చేసేవాడు, మేమెక్కడ మరిచిపోతామోనని.

ఇంట్లో ఇంకో గడువు. బాబు పుట్టాక ఉద్యోగం వద్దని మామయ్య తేల్చేస్తే, మావారు బతిమాలి బతిమాలి ఒక ఒప్పందానికి తెచ్చారు: ఈ మిషన్ పని అయ్యేదాకా వెళ్లొచ్చు, ఆ తర్వాత లేదు. ఎంత బాగా ఇరుక్కున్నానో చూడండి. మిషన్ లేవకపోతే గదిలో అందరి ఉద్యోగాలూ పోతాయి, లేస్తే నా ఒక్కదానిదే పోతుంది. సాయంత్రం బాబును చేతికిస్తూ అత్తయ్య రోజూ అడిగేవారు మీ మిషన్ లేచిందా అని, మంచాన పడ్డ చుట్టం సంగతి అడిగినట్టు. లేవలేదని చెప్పేటప్పుడు నాకు లోపల సంతోషం, ఆ సంతోషాన్ని చూసి మళ్లీ భయం.

లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే మిషన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలపాలి, అప్పుడది చేసే ప్రతి పనినీ చెబుతూ పోతుంది. కానీ కేబుల్ ఉంటే బుద్ధిగా లేస్తుంది. తీస్తే లేవదు, ఎందుకు లేవలేదో చెప్పడానికి నోరూ ఉండదు. కేబుల్ తగిలించి ఉంచే పని చేసుకోవడం మా అందరికీ అలవాటు, ఆ గదిలో మిషన్ ఏనాడూ ఒంటరిగా నిద్రపోలేదు. ఒక మధ్యాహ్నం ఒళ్లు మండి కేబుల్ పీకేసి, లేచే దారిలో ఒక్కో పని కాగానే మిషన్ మీదున్న బుల్లి దీపం మిణుకుమనేట్టు రాశాను. దీపం మిణుకుమంటూ మిణుకుమంటూ, మిషన్‌లో కాగితం తీసే ప్రింటరు వంతు రాగానే ఆగిపోయింది. ప్రింటరుకు కరెంటు ఇవ్వకముందే మా ప్రోగ్రాం దాన్ని పలకరించి, రాని జవాబు కోసం అలాగే కూర్చుంటోంది. కేబుల్ ఉన్నప్పుడు అందులోంచి పారే కాస్త కరెంటే ప్రింటరును మెలకువగా ఉంచేది. జబ్బు చూడటానికి మేం తగిలించిందే జబ్బును దాచిపెట్టింది.

ప్రోగ్రాంలో రెండు వరుసలు ముందువెనకలు చేయడమే మందు. చేశాను. కేబుల్ లేకుండా బటన్ నొక్కితే తెర వెలిగింది, అందరూ చప్పట్లు కొట్టారు, మేనేజరు సమోసాలు తెప్పించాడు. నా సమోసా పక్కవాళ్లకు ఇచ్చేశాను. ఎప్పుడు బయటపడతానా అని వేసవంతా తిట్టుకున్న ఆ గదిలోనే ఉండిపోవాలనిపించింది. ఇంటికి వెళ్లి లేచిందని చెప్పాను. అత్తయ్య మనస్ఫూర్తిగా సంతోషించి, బాబును నా ఒళ్లో పెట్టి అన్నారు:

"పని అయిపాయె గదా బిడ్డా, ఇగ నిమ్మళంగ ఇంట్ల ఉండు."

ప్రేమగానే అన్నారు, అదే నా కష్టం. తిట్టి ఉంటే కొట్లాడేదాన్ని.

ఇప్పుడు మా కోడలు ముందు గదిలో కూర్చుని, మూత తెరిస్తే చాలు లేచే కంప్యూటర్‌తో ఉద్యోగం చేస్తుంది. ఆ పని ఎప్పటికి అయిపోతుందని అడిగేవాళ్లు ఈ ఇంట్లో లేరు, నేనసలే అడగను. మనవరాలు ఏడిస్తే ఎత్తుకుని పెరట్లోకి వెళ్లిపోతాను. కాలం మారింది, మంచికే మారింది, కాస్త ముందే మారి ఉంటే బాగుండేదని మాత్రం అప్పుడప్పుడు మనసు పీకుతుంది. నేను బాగుచేసిన మిషన్లు వీధుల్లోకి వెళ్లే వేళకు నేను ఇంట్లో ఉన్నాను. అవి ఎవరి గేటు దగ్గరైనా లేవడం ఒక్కసారీ చూడలేదు. అందుకే నిన్న చెంబు పక్కన పెట్టి, పక్కింటి గోడ మీంచి తొంగి చూశాను. అతను బటన్ నొక్కాడు. లేచింది.