అమ్మ నోట వచ్చిన ఓడ పేరు

దయ్యాలు, దర్శనాలు, కలలో ఎవరో వచ్చి చెప్పడాలు... ఇలాంటి కబుర్లు నా ముందు మొదలుపెట్టినవాళ్ళు సగంలోనే లేచి వెళ్ళిపోతారు. నువ్వు చూశావా, ఎవరు చెప్పారు, వాళ్ళకెవరు చెప్పారు అని నేను వదలను. డిగ్రీలో ఫిజిక్స్ చదివినదాన్ని, యాభైకి దగ్గర పడుతున్నదాన్ని. కాబట్టి ఇది చదివి, "చూశారా, ఆవిడ కూడా మారిపోయింది" అని ఎవరూ సంబరపడొద్దు. నేను మారలేదు. ఒళ్ళు మండి రాస్తున్నాను.

మాది మణుగూరు. నాన్న బొగ్గు గనిలో పనిచేసేవారు, ఇప్పుడు లేరు. ఇంట్లో అమ్మా, నేనూ. తమ్ముడు దావీదు సముద్రతీరాన్ని కాపలా కాసే ఓడల్లో ఇంజిన్ పని చేస్తాడు. ఎటు చూసినా అడవే ఉన్న ఈ ఊరి నుంచి వాడికి ఉప్పునీళ్ళ మీద మనసెందుకు పోయిందో నాకిప్పటికీ అర్థం కాదు.

వాడి ఓడలు పెద్దవి కావు. ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ నీళ్ళలో గస్తీ తిరిగేవి. మామూలు ఓడలకు కింద తిరిగే పంకా వీటికి ఉండదట. అడుగు నుంచి నీళ్ళను లాగి వెనక నుంచి జోరుగా చిమ్ముతాయి, ఆ ఊపుతోనే పరుగెత్తుతాయి. ఒకే నమూనా మీద వరసగా కట్టారు కాబట్టి అన్నిటికీ అవే మెట్లు, అదే రంగు, అదే ఇరుకు. పేర్లే వేరు. అసలు పేర్లు ఇక్కడ రాయను. దావీదు చేరిన ఓడను తీరజ్యోతి అందాం.

వాడు చేరినప్పటి నుంచి ఆ ఓడ మా ఇంట్లో మనిషైపోయింది. ప్రతి శుక్రవారం మా ఇంట్లో ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన జరుగుతుంది. "ప్రభువా, తీరజ్యోతిని నీ రెక్కల నీడల దాచు" అని అమ్మ అనాలి, మిగతావాళ్ళు "స్తోత్రం" అనాలి. వాళ్ళలో సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. మా సారమ్మ పెద్దమ్మయితే సీసాలో ప్రార్థన నూనె కూడా పంపింది. ఇంజిన్ గది తలుపుకు రాశానని దావీదు చెప్పాడు. రాశాడో, తలకు పెట్టుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నేను ప్రార్థనలో కూర్చోలేదు. ఉపవాసం విడిచేవాళ్ళ కోసం వంటింట్లో జావ కలుపుతున్నాను. మధ్యలో తలుపు తెరిచే ఉంది. అమ్మ ఊగిపోలేదు, గొంతు మారలేదు. కూరగాయలు బేరమాడే గొంతుతోనే అంది:

"ప్రభువా, తీరరేఖను చూడు. తీరరేఖల నా బిడ్డ ఉన్నడు."

పెద్దమ్మ కళ్ళు తెరవకుండానే సరిదిద్దింది. "తీరరేఖ గాదు చెల్లే, తీరజ్యోతి. గిట్ల మారిస్తే దేవుడు పరేషానైతడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ వినిపించుకోలేదు. "ఇనుప తలుపు పట్టేసింది ప్రభువా. నీళ్ళొస్తున్నయ్. లోపల ఇద్దరున్నరు. తలుపు తెరువు." తలుపు తెరువు, తలుపు తెరువు అని చాలాసార్లు అంది. తర్వాత ఏమీ జరగనట్టు పక్కింటి పిల్ల పరీక్షల మీదికి వెళ్ళిపోయింది.

అందరూ లేచాక అడిగాను. "తీరరేఖ ఏందమ్మా?"

"ఏమో బిడ్డా, నోట్లకొచ్చింది. జావల ఉప్పేసినవా?"

సాయంత్రం దావీదు ఫోన్ చేశాడు, దవాఖానా మంచం మీద నుంచి. "అక్కా, భయపడకు. రెండు వేళ్ళు ఇరిగినయ్, గంతే."

సంగతి ఇది. తెగి కొట్టుకొచ్చిన చేపల వల ఒకటి ఓడ అడుగున నీళ్ళు లాగే గొట్టంలో చిక్కుకుంది. దావీదూ, ఇంకో కుర్రాడూ ఓడ వెనక కొసన ఉన్న చిన్న గదిలోకి దిగి, గొట్టం మూత తీసి, వలను కోస్తున్నారు. పెద్ద అల కొట్టి ఓడ ఒరిగింది. మూత దగ్గర నుంచి నీళ్ళు ఎగదన్నాయి. పక్క గదులకు నీళ్ళు పాకకుండా ఉండే ఇనుప తలుపు దభాలున పడి బిగుసుకుపోయింది. నీళ్ళు నడుము దాటాక గానీ అది తెరుచుకోలేదు. ఇద్దరూ బతికారు. అంతా మధ్యాహ్నం, ఇక్కడ ప్రార్థన నడుస్తున్న వేళకే.

"తీరజ్యోతిలనేనా?" అన్నాను.

"కాదక్కా. దాన్ని రిపేర్‌కని నీళ్ళల్లకెల్లి బయటికి తీసిండ్రు. నన్ను తీరరేఖకు మార్చిండ్రు. శానా రోజులైంది. అమ్మ రంది పెట్టుకుంటదని చెప్పలే. అన్నీ ఒక్కతీరు ఓడలే గదా, ఏం ఫరక్?"

"ఏం ఫరకా? గిన్ని శుక్రవారాలు ఈ ఆడోళ్ళంతా కడుపు మాడ్చుకొని మనిషి లేని ఓడకు ప్రార్థన చేసిండ్రురా గాడిదా!"

వాడు నవ్వాడు. నేను ఏడ్చాను. ఆ ఏడుపు కూడా కోపంతోనే.

తర్వాత నా తీరులో విచారణ మొదలుపెట్టాను. అమ్మది బటన్ల ఫోన్. పేపర్ చదవదు. బదిలీ సంగతి మా వైపు ఎవరికీ చెప్పలేదని దావీదు ఒట్టు పెట్టాడు. వాడు పంపిన ఫొటోలన్నీ తిరగేశాను. వాడి మొహం తప్ప ఓడ ఎక్కడా లేదు. ఎప్పుడో మాటల్లో తోటి ఓడల పేర్లన్నీ వరసగా చెప్పి ఉండొచ్చు, అమ్మ మనసులో ఏ మూలో పడి ఉండొచ్చు. అంతవరకు ఒప్పుకుంటాను. మరి ఆ రోజే ఎందుకొచ్చింది? ఇనుప తలుపు ఎక్కడిది? ఇద్దరని ఎవరు చెప్పారు?

అమ్మను పోలీసుల కంటే ఎక్కువ అడిగాను. చివరికి కొంగుతో మొహం తుడుచుకుంది. "నన్ను సంపుతవా ఏందే? నాకెరుకైతే నీకు చెప్పనా?"

ఇక్కడితో ఆగినా బాగుండేది. ఆదివారం పాస్టర్‌గారు దీన్ని మైకులో సాక్ష్యం చేసేశారు. దేవుడే ఓడ పేరు చెప్పాడట. పేరు చెప్పే తీరిక ఉన్న దేవుడికి ఆ వలను పక్కకు నెట్టే తీరిక లేకపోయిందా అని అడిగాను. "నీకు విశ్వాసం తక్కువమ్మా" అన్నారు. జవాబు లేనప్పుడల్లా వీళ్ళకు నా విశ్వాసమే గుర్తొస్తుంది.

ఆ మైకు మాట అడవి దాటి పోయింది. చర్ల అవతల ఊరి నుంచి ఒక తల్లి బస్సులు మారి వచ్చి మా గేటు ముందు కూర్చుంది. ఆమెది మా మతం కాదు, వాళ్ళ వేల్పులు వాళ్ళకున్నారు. కొడుకు భీమయ్య ఊరూరా బోర్లు వేసే బండి మీద పనికి వెళ్ళాడు. నెలల తరబడి ఫోన్ లేదు, బండి ఏ రాష్ట్రంలో ఉందో తెలియదు.

"సముద్రంల ఉన్నోన్నే చూసినవంట గదమ్మా" అంది. "నావోడు నేల మీదనే ఉన్నడు. జర చూడు."

అమ్మ వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఈ రొంపిలోకి దించినవాళ్ళను లోపల తిట్టుకుంటూ నేను ఆమెకు అన్నం పెట్టాను. ముట్టలేదు. చాలాసేపటికి అమ్మ బయటికి వచ్చి ఆమె పక్కనే నేల మీద మోకరించింది.

"ప్రభువా, భీమయ్య..." అని ఆగింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. "భీమయ్య" అని మళ్ళీ అంది. ఆ తర్వాత మాట రాలేదు. ఆ తల్లి చూపు తిప్పకుండా అమ్మ నోటినే చూస్తోంది. ఏదో ఒక ఊరి పేరు రావాలని, ఏ తలుపో గోడో రావాలని నేనూ ఎదురు చూశాను. నేను! ఏమీ రాలేదు. చివరికి అమ్మే ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఆమె అమ్మ వీపు నిమిరింది.

మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి నాకు చేతనైనంత పోట్లాడాను. భీమయ్య జాడ ఇంతవరకు తెలియలేదు.

అది అనుకోకుండా కలిసొచ్చిన మాటేనని కొందరంటారు, మహిమ అని కొందరంటారు. రెండు వైపులవాళ్ళతోనూ వాదిస్తున్నాను. మా తమ్ముడున్న ఓడ పేరు అమ్మకు ఎలా వచ్చిందో నాకు తెలియదు. భీమయ్య ఉన్న ఊరి పేరు ఎందుకు రాలేదో అసలే తెలియదు. తెలుసనేవాళ్ళు ఎవరైనా ఉంటే నా దగ్గరికి రావద్దు. నేరుగా చర్ల బస్సెక్కి, ఆ తల్లి ఎదురుగా కూర్చుని చెప్పండి.