కాయలు నోరీన్‌కి, ఆకు ఫహ్మీదాకి

ఆస్ట్రేలియాలో మా ఊరు టూవూంబాలో మనవాళ్లు నలుగురు చేరితే రెండే కబుర్లు: ఎవరు ఇంకో ఇల్లు కొన్నారు, ఎవరు ఇంకా అద్దెకుంటున్నారు. ఫహ్మీదా రెండో కబురులోకి వస్తుంది. "పాపం, ఆ పాత వీధిలోనే ఉంటున్నారా?" అనేవాళ్లు. ఆ పాపం మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఫహ్మీదాది నంద్యాల. ఇక్కడ వృద్ధాశ్రమంలో పని, ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఉన్న ఒక్క కారూ భర్త గియాసుద్దీన్ ఊరి బయట మాంసం ఫ్యాక్టరీకి తీసుకెళ్తాడు. ఆ వీధిలో తెలుగువాళ్లే కాదు, అసలు మన దేశం వాళ్లే లేరు. రిటైరైన రైల్వేవాళ్లు, టైర్ల షాపులో పనిచేసేవాళ్లు, మనవళ్లను పెంచుకునే అమ్మమ్మలు. చెక్క ఇళ్లు, రేకుల కప్పులు. చలికాలం సందుల్లోంచి గాలి కొట్టే మాట నిజమే. కానీ ఇల్లుగలాయన బ్రిస్బేన్‌లో ఉండే ముసలాయన, మంచివాడు. ఇల్లు శుభ్రంగా చూసుకుంటున్నారని ఏళ్ల తరబడి అద్దె పెంచలేదు. ఇద్దరి జీతాల్లో ఇల్లు గడిచి, కూతురు షిఫా చదువుకి కాస్త మిగిలేది.

పక్కిల్లు నోరీన్ అనే పెద్దావిడది. వచ్చిన మొదటి ఏడాదే ఫహ్మీదా కంచె మీదుగా ఆవిడ పెరట్లోకి చూసి, నాకు ఫోన్ చేసి కేక పెట్టింది. "అక్కా, ఈ ముసలామె గోంగూర పెంచుతాంది!"

గోంగూరే. ఇక్కడివాళ్లు దాన్ని రోజెల్లా అంటారు. ఎర్రటి కాయల తొక్కతో జామ్ చేసుకుంటారు, ఆకు చెత్తబుట్టలో వేస్తారు. మనం ఆకు తింటాం, కాయ జోలికి పోం. మరుసటి ఏడాది నుంచి ఎండ బాగా తగిలే ఫహ్మీదా పెరట్లోనే మొక్కలన్నీ వేశారు. కాయలు నోరీన్‌కి, ఆకు ఫహ్మీదాకి. ఆ వెనకే అటు నుంచి గుడ్లు, నిమ్మకాయలు వచ్చాయి, ఇటు నుంచి పులావు వెళ్లింది. వాషింగ్ మెషీన్ చెడిపోతే నోరీన్ తమ్ముడు వచ్చి బాగుచేసి, టీ తాగి వెళ్లాడు.

కిందటేడు రంజాన్ పండగకి ఫహ్మీదా మమ్మల్ని భోజనానికి పిలిచింది. నాతో పాటు డాక్టర్ అచ్యుత్ గారు, భార్య శ్రీదేవి. ఆయన పాతికేళ్లుగా ఇక్కడే ఉన్నాడు, అద్దెకిచ్చిన ఇళ్లు చాలానే ఉన్నాయి. గోంగూర మటన్ మూడుసార్లు వడ్డించుకుని, "ఇంత ఫ్రెష్ గోంగూర ఎక్కడిదమ్మా?" అన్నాడు.

ఫహ్మీదా పొంగిపోయింది. పెరడంతా తిప్పి చూపించింది. అద్దె ఎంతో చెప్పింది, ఇల్లుగలాయనకి ఓపిక తగ్గిందనీ చెప్పింది. డాక్టర్ గారు కంచె చివరిదాకా నడిచి వచ్చి, "మా కజిన్ ఒకడు రెంట్‌కి చూస్తున్నాడు, ఓనర్ నంబర్ ఇస్తావా?" అన్నాడు. ఇచ్చింది. పండగపూట మన విస్తట్లో తిన్న తెలుగువాడు అడిగితే ఎవరు కాదంటారు? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే సామెత అనుకున్నాను. ఆ రోజు కళ్లారా చూసి కూడా నాకు తట్టలేదు.

చలికాలంలో ఏజెంట్ ఫోన్ చేశాడు. ఇల్లు అమ్ముడైపోయింది, లీజు పొడిగించరు, ఖాళీ చేయాలి. కొన్నది అచ్యుత్ గారు. కజిన్ లేడు, గిజిన్ లేడు.

షిఫా పన్నెండో క్లాసు. పరీక్షలయ్యేదాకా ఉండనిమ్మని ఫహ్మీదా ఆయన క్లినిక్‌కి వెళ్లి అడిగింది. బిల్డర్ డేట్ ఫిక్సయిపోయిందన్నాడట. షిఫా మాత్రం, "ఇట్స్ ఓకే మమ్, ఐ కెన్ స్టడీ ఎనీవేర్" అంది. ఆ పిల్ల అలా అనాల్సి రావడమే నాకు భరించరానిదైంది.

వినాయక చవితి భోజనాల దగ్గర ఆయన్ని పట్టుకుని అడిగేశాను. "డాక్టర్ గారూ, ఆవిడ చేతి అన్నం తిని ఆవిడ ఇల్లే ఎలా కొన్నారండీ?"

ఆయన కాస్తయినా తడబడలేదు. "నేను కాకపోతే ఇంకొకడు కొంటాడమ్మా. అక్కడ కొత్తగా కడితే రెండు చిన్న యూనిట్లు వస్తాయి. ఫహ్మీదాకే ఫస్ట్ ప్రిఫరెన్స్ ఇస్తానన్నాను, మార్కెట్ రెంట్‌కి" అని పులిహోర మళ్లీ వడ్డించుకున్నాడు.

వాళ్లు ఊరి చివర కొత్త కాలనీకి మారారు. అద్దె ఎక్కువ, బస్సు తక్కువ, అప్పు చేసి రెండో కారు. పక్కింటివాళ్లు గ్యారేజీ తలుపు తెరిచి లోపలికి పోతారు, మొహాలు కూడా తెలియవు. పాత ఇంట్లో మొట్టమొదట పెరడే చదును చేశారు. మిషన్ వచ్చిన రోజు నోరీన్ ఫహ్మీదాకి ఫోన్ చేసి ఏడ్చింది.

మొన్న నేను ఫహ్మీదా ఇంట్లో ఉండగా శ్రీదేవి ఫోన్ వచ్చింది. ఫహ్మీదా చపాతీలు ఒత్తుతూ స్పీకర్ పెట్టింది.

"ఫహ్మీదా, శనివారం మా ఇంట్లో లంచ్. నీ గోంగూర మటన్ చేసి తేవా ప్లీజ్? ఇండియన్ షాప్‌లో ఫ్రోజెన్ ఆకు అస్సలు బాగుండట్లేదు. నువ్విప్పుడు ఎక్కణ్ణుంచి తెస్తున్నావ్?"

ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి ఫహ్మీదా. అప్పడాల కర్ర పక్కన పెట్టి, తాపీగా చెప్పింది.

"మీ పెరట్లోనే ఉండె అక్కా. కాంక్రీటు పోసినారంట గదా, కొంచెం గీకి చూడండి."