సారలమ్మ, నిండు బిందె ఫీల్డ్‌వర్క్

సారలమ్మ సోషల్ వర్క్ డిగ్రీలో చేరిందని తెలిసినప్పుడు మా గోదావరిఖని కాలనీలో అందరికంటే ఎక్కువ సంతోషించింది మురుగు మోరీ పక్కన ఇళ్లున్నవాళ్లు. "మంచిగైంది బిడ్డా, రేపటి సంది మా మోరీ తియ్యి" అన్నారు. దానితోపాటు నేనూ చేరాను కాబట్టి పార దానికి, చీపురు నాకు అని పంచేశారు కూడా. నా పేరు రుక్సానా. మాది ఆ వరుసలో రెండో క్వార్టరు, దానిది నాలుగోది.

"అది చదువు! మోరీలు తీసే కొలువు కాదు!" అని నేను కొట్లాటకు పోయేదాన్ని. సారలమ్మ మాత్రం నవ్వి, "దరఖాస్తు రాసిస్త, సంతకాలు పెట్టుండ్రి" అనేది. రాసింది. మోరీ తీయించేదాకా ఆఫీసువాళ్లను నిద్రపోనివ్వలేదు. అంత మొండిది.

మూడో ఏడు ఫీల్డ్‌వర్క్ వచ్చింది. ఇద్దరిద్దరం కలిసి ఒక మనిషిని ఎంచుకుని, అతని కష్టమేమిటో కనుక్కుని, ఒక దారికి తెచ్చి రిపోర్టు రాయాలి. మేం ఎల్లన్నను పట్టుకున్నాం. మా వరుసలో చివరి క్వార్టరు అతనిది. బాయిలో దిగి బొగ్గు తీసే పని. తాగుడు లేదు, జబ్బు లేదు, కానీ డ్యూటీకి పోడు. డిసెంబరు ఆఖరుకు ఆ ఏటి హాజరు వంద మస్టర్లు నిండకపోతే ఉద్యోగం ఊడుతుందని అప్పటికే నోటీసు వచ్చింది. ఇంట్లో పెళ్లాం, ఇద్దరు ఆడపిల్లలు.

కాలేజీలో సార్ నేర్పినట్టే సారలమ్మ అతని ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూస్తూ మెల్లగా అడిగింది. "డ్యూటీ అనంగనే నీకు ఎట్ల అనిపిస్తది మామా?"

"ఆకలైనట్లు అనిపిస్తది" అన్నాడు ఎల్లన్న. "కూసోండ్రి, తినుకుంట మాట్లాడుకుందం."

మూడు రోజులు తిన్నాం. నా నోటుబుక్కులో పచ్చిపులుసు మరకలు తప్ప ఏమీ మిగల్లేదు.

ఇక లాభం లేదని పొద్దున్నే కాపు కాశాం. ఎల్లన్న టిఫిన్ డబ్బా పట్టుకుని బుద్ధిగా బయల్దేరాడు. మూడో ఇంట్లో ఎవరో తుమ్మారు. గిర్రున వెనక్కి తిరిగాడు. మర్నాడు పిల్లి అడ్డమొచ్చింది. మళ్లీ ఇంటికే.

"ఎల్లన్నా, ఆ పిల్లి దాని డ్యూటీకి అది పోతున్నది, నీ డ్యూటీకి నువ్వు పో!" అని అరిచాను. నాకు కోపం ముక్కు మీదుంటుంది.

అతను గడప మీద కూలబడ్డాడు. నన్ను కాదు, సారలమ్మను చూశాడు. "ఎనిమిదేండ్ల కింద, ఆ దినం, ఎవలో తుమ్మిండ్రు బిడ్డా. ఇయ్యాల వద్దన్నడు మీ నాయిన. నేనే నవ్వి గుంజుకపోయిన. బాయిల పైకప్పు కూలింది. బావ పోయిండు, నేను బతికిన."

సారలమ్మ తండ్రి రాయమల్లు, ఎల్లన్న బాయిలో జోడీ అని మాకు తెలుసు. ఈ మాట మాత్రం తెలియదు. సారలమ్మ వెనుదిరిగి ఇంటికి పోయింది. రెండు రోజులు కాలేజీకి రాలేదు.

మూడో రోజు పొద్దున చూద్దును కదా, నల్లా దగ్గర నీళ్లు పట్టుకుని, నిండు బిందె చంకన పెట్టుకుని, సరిగ్గా ఎల్లన్న గడప దాటే వేళకు ఎదురొస్తోంది! నిండు బిందె ఎదురైతే వెనక్కి తిరిగే మగాడు మా కాలనీలో లేడు. ఎల్లన్న డ్యూటీకి పోయాడు.

"ఏందే ఇది? మూఢనమ్మకాలు పోగొట్టాలని సార్ చెప్తే, నువ్వు నీళ్లు పోసి పెంచుతున్నవా?" అన్నాను.

"ముందు బాయిల దిగనియ్యే. దిగినంక పోగొడుదం."

అప్పటికి ఇరవై నాలుగు మస్టర్లు తక్కువ. ఆదివారాలు, పండగ తీసేస్తే మిగిలింది సరిగ్గా ఇరవై నాలుగు రోజులు. ఒక్కటి తప్పినా పోయినట్టే. సారలమ్మ ఒక్క పొద్దూ తప్పలేదు.

దాని తల్లి పోశవ్వ ఇదంతా కిటికీలోంచి చూసేది. భర్త పోయినప్పటి నుంచి ఫస్ట్ షిఫ్టువాళ్లు పోయే వేళకు ఆమె తలుపేసుకుని లోపలే కూర్చునేది, మొగుడు పోయినదాన్ని ఎదురుపడకూడదని. కూర్చొమ్మని ఎవరూ చెప్పలేదు. రమ్మని కూడా ఎవరూ పిలవలేదు, మేమూ పిలవలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

తొంభై తొమ్మిది నిండాయి. ముప్పై ఒకటో తారీఖు సారలమ్మకు చలిజ్వరం. "నేనున్న గదా, ఫికర్ చెయ్యకు" అని బిందె తీసుకుని నల్లా దగ్గరికి పోయాను. యా అల్లా! నల్లా గుర్రుమని ఆగిపోయింది. నేను ఖాళీ బిందె బోర్లించి దులుపుతుంటే ఎల్లన్న గడప దాటాడు. ఖాళీ బిందె కంటే చెడ్డ శకునం ఇంకేముంది!

"ఎల్లన్నా, ఇది బిందె కాదనుకో!" అన్నాను. అతను అప్పటికే వెనక్కి తిరిగాడు. ఆ ఇద్దరు ఆడపిల్లలు వాకిట్లో నిలబడి నన్నే చూస్తున్నారు.

అప్పుడు నాలుగో క్వార్టరు తలుపు తెరుచుకుంది. ఇంట్లో పట్టి పెట్టుకున్న నీళ్ల బిందె చంకనేసుకుని పోశవ్వ వీధిలోకి వచ్చింది. షిఫ్టుకు పోయేవాళ్లంతా ఆగిపోయారు. ఆమె ఎవరినీ చూడలేదు. నడుచుకుంటూ పోయి ఎల్లన్న ఎదురుగా నిలబడింది.

"నడువ్ తమ్మీ. షిఫ్టుకు ఆల్శెమైతది."

ఎల్లన్న గోడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "అక్కా, నేనే గుంజుకపోయిన..."

"ఎరుకనే. మీ బావ నువ్వు గుంజుతె పోయేటోడా? బిందె బరువైతున్నది, జల్ది నడువ్."

ఎల్లన్న కళ్లు తుడుచుకుని నడిచాడు. వంద పడ్డాయి.

జనవరిలో సార్ మా రిపోర్టు తిరగేస్తూ మొదటి పేజీ దగ్గర ఆగారు. సామాజిక కార్యకర్త పేరు రాయాల్సిన చోట మా రెండు పేర్లూ కొట్టేసి 'పోశవ్వ' అని రాసింది సారలమ్మ.

"ఈమె ఏ కాలేజీ?" అన్నారు సార్.

"మా అవ్వ సార్" అంది సారలమ్మ. "ఇప్పుడు రోజూ ఫస్ట్ షిఫ్టు యాళ్లకే నల్లా కాడికి పోతున్నది."