అపెనీసా ముళ్ళ బస్తా

అపెనీసాకు ఉన్నది ఒక్కటే పిచ్చి. మీరు చేప తింటూ ఉంటే ఆయన మీ ముఖం చూడడు, కంచం అంచున పెట్టిన ముల్లు చూస్తాడు. దాన్ని పొరపాటున కుక్కకు విసిరారో, మీ ఏడు తరాల పాపాలూ అక్కడే ఏకరువు పెడతాడు.

మా దీవిలో రేవా నది ఒడ్డున ఉన్న మా ఊరు నకోరోవాయిలో చేపపిల్లల కేంద్రం ఒకటుంది. అందులో తల్లి తిలాపియా చేపలకు మేత వేసేది ఆయనే. తల్లిచేప మంచి గుడ్లు పెట్టాలంటే మినరల్స్ కావాలి, మినరల్స్ ముళ్ళలో ఉంటాయి, ముళ్ళు జనం కంచాల్లో ఉంటాయి. ఇదీ ఆయన శాస్త్రం. నోరు తెరిచి ‘కెరెకెరె’ అని అడిగినవాడికి లేదనకూడదన్నది మావాళ్ళ ఆచారం. దాన్ని పట్టుకుని ఈ మహానుభావుడు బస్తా ఒకటి భుజాన వేసుకుని ముప్ఫై ఏళ్ళుగా గడప గడపా తిరిగి ముళ్ళు అడుగుతున్నాడు. పొలం అడగొచ్చు, పడవ అడగొచ్చు. ఎంగిలి ముల్లు అడిగేవాణ్ణి మా ఊళ్ళోనే చూడాలి.

పాస్టరుగారి తల్లి పోయినప్పుడు చావు విందుకు కూడా బస్తాతోనే వచ్చాడు. వచ్చి సరిగ్గా పాస్టరుగారి ఎదురుగానే చతికిలబడ్డాడు.

“నన్ను నమలనివ్వవయ్యా అపెనీసా!”

“నమలండి, నమలండి. తొందరేం లేదు. తలకాయ మాత్రం గట్టిగా కొరక్కండి. భాస్వరమంతా అందులోనే ఉంటుంది.”

“అమ్మ పోయిన దుఃఖంలో ఉన్నానయ్యా!”

“తెలుసండీ, నేనూ ఏడ్చే వచ్చాను. ఆ తోక తింటారా, వదిలేస్తారా?”

ఇంతటితో అయిపోతే బాగుండును. ప్రతి ఇంటి ముల్లునూ నాలిక మీద పెట్టి రుచి చూస్తాడు. సాయంత్రం యాంగోనా వేళ్ళ కషాయం తాగడానికి గిన్నె చుట్టూ జనం చేరాక తీర్పులు చెబుతాడు. “పాస్టరుగారింట్లో కొబ్బరిపాలు పలచబడ్డాయి. ఆ పొరుగింటి లోసలీని నిమ్మరసం పిండిందంటే చచ్చిన చేప కూడా కళ్ళు మూసుకుంటుంది.” ఎవరింట్లో ఏం ఉడికిందో ఊరంతటికీ తెలిసేది అలాగే.

ఈ మనిషంటే వసితికి ఒళ్ళుమంట. ఎక్కడో దూరపు దీవి నుంచి ఈ ఊరికి కోడలై వచ్చింది. మొగుడు పోయి రెండేళ్ళయింది. ఆమె తరఫున నిలబడటానికి ఇక్కడ అన్నా లేడు, తమ్ముడూ లేడు. నదిలో మునిగి గుల్లలు ఏరి, సంతలో అమ్మి, ఏడేళ్ళ కూతురు తొరీకాను సాకుతోంది. ఎవరినీ ఏదీ అడగదు. అడిగితే ఇస్తారు, ఆచారం కదా. ఇచ్చాక చూసే చూపుకు మాత్రం ఏ ఆచారమూ అడ్డు రాదు.

మార్చిలో వరదొచ్చింది. కర్రపెండలం నేలలోనే కుళ్ళిపోయింది. నది ఎర్రటి బురదై వారాల తరబడి తేరుకోలేదు. అందులో మునిగితే చెయ్యే కనిపించదు, ఇక గుల్లలేం దొరుకుతాయి? వరద సాయమని బియ్యం బస్తాలు వచ్చాయి. అవి చేతులు మారీ మారీ వసితి గుమ్మం చేరేసరికి మిగిలింది ఒక టార్పాలిన్. అదే వారం చేపల కేంద్రానికి మాత్రం లారీడు మినరల్ పొడి వచ్చింది.

“చేపలకు బలం మందట, మనకు పరదా అట! వచ్చే జన్మంటూ ఉంటే తిలాపియాగా పుడతాను,” అంది వసితి. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు.

మూడు రోజులుగా ఆ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవలేదు. దొరికిన కాసింత చేమాకు పిల్లకు ఉడకేసి పెట్టి, తాను నీళ్ళు తాగి పడుకుంటోంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో బస్తా దిగింది.

“వసితీ, ముళ్ళేవమ్మా?”

“రేపిస్తాను మామయ్యా.”

“నిన్నా అదే అన్నావు.”

“రేపు తప్పకుండా ఇస్తాను. ఇక వెళ్ళండి.”

ఆయన పొయ్యి వంక ఓసారి చూసి వెళ్ళిపోయాడు. వసితి గబగబా తలుపు వేసేసింది. ఈ నోరున్న మనిషి సాయంత్రం గిన్నె దగ్గర కూర్చుని, ‘వసితి ఇంట్లో ముల్లన్నదే లేదు’ అన్నాడంటే తన బతుకు వీధిన పడ్డట్టే. మర్నాడు లోసలీని వంటింటి వెనకాలకు వెళ్ళి, కుక్కను అదిలించి, పారేసిన ముళ్ళు ఏరి తెచ్చింది.

“మనం చేప తిన్నామా అమ్మా?” అంది తొరీకా.

“తిన్నాం. ఎవరడిగినా తిన్నామనే చెప్పు.”

“బాగుందా?”

వసితి ముళ్ళను ఆకులో చుట్టింది.

అపెనీసా వచ్చాడు. ఒక ముల్లు నాలిక మీద పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. ముళ్ళన్నీ బస్తాలో వేసుకుని పోయాడు. గండం గడిచిందనుకుంది పిచ్చిది.

తెల్లారేసరికి గుమ్మంలో కేకలు. అపెనీసా చేతిలో రెండు పెద్ద చేపలు వేలాడుతున్నాయి. ఊరు సగం మూగింది.

“చూశారా ఈ పిల్ల చేసిన పని? ఈవిడ ముళ్ళు తిని నా తల్లిచేపలు రెండూ చెడిపోయాయి! ఇక గుడ్లు పెట్టవు! ముసలివైపోయాయి!”

“ఒక్క రోజులోనే ముసలివైపోయాయా మామా?” అంది లోసలీని నవ్వాపుకుంటూ.

“మినరల్స్ లేకపోతే ఒక్క రాత్రి చాలు! నీకేం తెలుసు, నోర్ముయ్! వసితీ, ఇది నీకు జరిమానా. ఇవి నువ్వే వండాలి, నువ్వే తినాలి, మంచి ముళ్ళు నాకు నువ్వే కట్టాలి. పిల్లకొకటి, తల్లికొకటి. తల్లి తినకుండా దాచావో, ముల్లు చూస్తే తెలిసిపోతుంది నాకు. మేత లేని తల్లిచేప తన ఒంట్లో ముల్లు కరిగించి గుడ్డుకు పెడుతుంది. తల్లీ దక్కదు, పిల్లకు వెన్నూ నిలవదు!”

అవమానంతో వసితికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. విసిరికొడదామనే అనుకుంది. కానీ తొరీకా అప్పటికే ఆ చేపల్ని రెండు చేతులతో పట్టేసుకుంది.

ఆ రోజుతో ఆగిందా? ముల్లు విరిగిందని ఒక జరిమానా. ముల్లు ఎండిందని ఇంకొకటి. ఆదివారం కదా, ముల్లు మరీ నీరసంగా ఉందని మరొకటి. పద్దెనిమిది రోజులు నడిచింది ఈ భాగోతం. తొరీకా బుగ్గలు నిండాయి. వసితి మాత్రం తిట్లే లెక్కపెట్టుకుంది.

పంతొమ్మిదో రోజున తానే ముళ్ళ మూట కట్టుకుని చేపల కేంద్రానికి బయల్దేరింది. అవి ఆ ముసలాడి నెత్తిన కుమ్మరించి, కడుపులో ఉన్నదంతా కడిగేసి రావాలని. షెడ్డు వెనక మలుపు తిరిగి ఆగిపోయింది.

అక్కడ ముళ్ళ గుట్ట ఉంది. మనిషెత్తు. కింది ముళ్ళ మధ్య నుంచి గడ్డి మొలిచింది. ముప్ఫై ఏళ్ళుగా ఊరు ఊరంతా ఇచ్చిన ముళ్ళలో ఒక్కటీ చెరువు ముఖం చూడలేదు. షెడ్డులో చూస్తే మినరల్ పొడి బస్తాలు నేల నుంచి కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఒకటి విప్పి ఉంది. అందులోంచే తీసి మేతలో కలిపినట్టు అపెనీసా చేతులు తెల్లగా ఉన్నాయి. చెరువులో తల్లిచేపలు పహిల్వానుల్లా ఎగురుతున్నాయి.

ఆయన ఎదురుగా చేపల కేంద్రం ఆఫీసరు రాజ్‌నేష్ నిలబడి ఉన్నాడు.

“వరద వచ్చిన దగ్గర్నుంచి ముప్ఫై ఆరు తల్లిచేపలు ముసలివని తీసేశావు, అపెనీసా. మినరల్స్ చాలడం లేదన్నావు. లారీడు పంపాను. ఇంకా ముసలివవుతూనే ఉన్నాయా?”

“ఏం చేస్తాం సార్. వయసు.”

“నీకు రిటైర్మెంటు ఇంకెన్నాళ్ళుంది?”

“ఎనిమిది నెలలు సార్.”

“ఆ ఎనిమిది నెలలూ ఇక్కడే ఉండాలనుంటే నిజం చెప్పు. ఆ చేపలు ఏమయ్యాయి?”

అపెనీసా తల వంచుకున్నాడు.

వసితికి అప్పుడు అర్థమైంది. ‘కావాలా’ అని అడిగి ఇస్తే దానం. అందుకే ఈయన ముందుగా తనే బిచ్చగాడయ్యాడు. ముళ్ళు లేని ఇల్లేదో చూసుకున్నాడు. ఆ పైన తిట్టి మరీ తినిపించాడు.

“నిజమే సార్,” అంది గట్టిగా. ఇద్దరూ వెనక్కి తిరిగారు. “బాగా ముసలివే. నేను కళ్ళారా చూశాను. ఒక్కదానికీ పళ్ళు లేవు.”

“పళ్ళా? చేపకు పళ్ళేమిటమ్మా?”

“అదే సార్ నేనూ అనేది. ఊడిపోయాక ఇంకెక్కడుంటాయి?”

రాజ్‌నేష్ ఆమెను చూశాడు, ఆమె చేతిలో ముళ్ళ మూటను చూశాడు, చెరువులో ఎగురుతున్న చేపల్ని చూశాడు. చేతిలోని లెక్కల పుస్తకం మూశాడు.

“అయితే మినరల్స్ నిజంగానే చాలడం లేదన్నమాట. పది బస్తాలు పంపమంటారా?”

“పదిహేను,” అంది వసితి.

ఆఫీసరు జీపు వెళ్ళిపోయాక వసితి అపెనీసా మీద విరుచుకుపడింది. “ఊరందరి ముందూ నన్ను అన్నేసి మాటలంటారా?”

“అనకుండా ఇస్తే పుచ్చుకునేదానివా?”

వసితి ముందుకొచ్చింది. మూట ఆయన చేతిలో పెట్టింది. అపెనీసా అలవాటు చొప్పున ఒక ముల్లు తీసి, నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

“నిమ్మరసం లేదు,” అన్నాడు. “ఇవి మీ ఇంటివే.”

వసితి ముఖం ఎర్రబడింది. ఆ వెంటనే, వరద వచ్చాక మొదటిసారి, పగలబడి నవ్వింది.