పన్ను లేదన్న భూమి

మా బావ భూమి అమ్మిన పొద్దు నేను కంపెనీకి లీవు పెట్టి అక్కా బావల వెంట రిజిస్ట్రారు ఆఫీసుకు పోయినాను. హోసూరు నుంచి రాయకోటకు పోయే దారిలో రోడ్డుకు కొంచెం లోపలగా ఉండేది ఆ చేను. టమేటా, బీన్సు, కోసుగడ్డ పండించేవాళ్లు. చుట్టూ లేఔట్లు వచ్చేసినాయి. బోరులో నీళ్లు అడుగంటినాయి. కూలోళ్లంతా కంపెనీ బస్సులెక్కి పోతావుంటే, అక్కా బావా ఇద్దరే వంగి కలుపు తీసుకునేవాళ్లు.

"భూమి అమ్మి భూమే కొంటాను. మిద్దె కట్టను, కారు కొనను," అని బావ అందరికీ చెప్పినాడు. చెప్పినట్టే చేసినాడు కూడా. అందుకే ఆ తర్వాత జరిగింది నాకు ఈ పొద్దుకీ మింగుడు పడదు.

పత్రం రాసినాయన్ను బావ ఆ పొద్దే అడిగినాడు, "దీనికి టాక్సు ఏమన్నా కట్టాల్నా సామీ?" అని.

"వ్యవసాయ భూమికి టాక్సు యాడిదప్పా," అన్నాడాయన.

ఊర్లో ఎవర్ని అడిగినా అదే మాట. అబద్ధం అని ఎట్ల చెప్పేది? మా నాయన కాలంలో అది నిజమే. హోసూరు పెరిగి పెరిగి బావ చేను దాకా వచ్చేసిందని, టౌనుకు అంత దగ్గరుండే భూమి అమ్మితే లాభం మీద పన్ను పడుతుందని మాలో ఎవరికీ తెలీదు. అంతకు ముందే పత్రానికి పాన్ కార్డు కావాలంటే కంప్యూటర్ షాపులో అప్లై చేసినాము. మెయిల్ ఏదని అడిగితే బావ బిత్తరపోయి చూసినాడు. షాపామె తన షాపు మెయిలే వేసేసింది. పని తొందరగా అయిందని సంతోషపడినాము.

వచ్చిన దాంట్లో బావ తమ్ముడి పాలు పోయింది. సొసైటీ బాకీ తీరింది. మిగిలిన దాంతో అంచెట్టి పక్క, అడవి వారగా ఒక చేను దొరికింది. అమ్మినాయన ముసలాయన, మంచి మనిషి. ఆయన చేతిలో పట్టా ఉండె. అగ్రిమెంటు రాసుకున్నారు. రిజిస్ట్రేషన్ తర్వాత చేసుకుందాము, ముందు వానకు విత్తనం పడనీ అన్నాడు బావ.

ఆ ఏడు ఆడ రాగి బాగా పండింది. నేను చూసేదానికి పోయినాను. బస్సు దిగి చానా దూరం నడవాల. అక్క చేను గట్టు మీద కూర్చోబెట్టి ముద్ద, ఉలవచారు పెట్టింది. ఏనుగులు వస్తాయని బావ మంచె వేసుకున్నాడు. ఆయన్ను అంత నిమ్మళంగా నేను ఎప్పుడూ చూడలేదు.

మోటారు రిపేరికని అక్క ఒకసారి బ్యాంకుకు పోయింది. అకౌంటు నిలిపేసినారమ్మా, డబ్బు తియ్యలేరు, ఇన్‌కమ్ టాక్సు ఆర్డరు అని ఆడ తమిళంలో చెప్పినారు. అక్కకు తమిళం బాగా వస్తుంది. అయినా అర్థం కాలేదు. నాకు ఫోన్ చేసి, "మనకెందుకురా టాక్సు?" అని అడిగింది.

అక్కా బావల్ని కృష్ణగిరిలో ఒక ఆడిటరమ్మ దగ్గరికి తీసకపోయినాను. ఆమె కంప్యూటర్లో చూసి, ఒకదాని వెనక ఒకటి నోటీసులు వచ్చినాయి, మీరు దేనికీ జవాబు ఇయ్యలేదు, అందుకే వాళ్లే లెక్క కట్టి ఆర్డరు వేసినారు అనింది. నోటీసులన్నీ ఆ షాపు మెయిలుకు పోయినాయి. ఆ షాపు ఎప్పుడో మూసేసినారు.

"భూమి అమ్మిన డబ్బుతో రెండేండ్ల లోపల వేరే వ్యవసాయ భూమి కొనింటే ఆ మేరకు పన్ను తగ్గుతుంది. కొన్నారా?" అని అడిగింది.

బావ మొగం తేటపడింది. "కొన్నానమ్మా. అంచెట్టిలో. రాగి పెట్టినాను."

"రిజిస్టర్ అయిన పత్రం ఉందా?"

"అగ్రిమెంటు ఉంది."

"అది చాలదప్పా. తొందరగా రిజిస్టర్ చేయించుకోండి. గడువు ఇంకా కొంచెం ఉంది."

మరుసటి పొద్దే ముసలాయన్ను పిలుచుకొని రిజిస్ట్రారు ఆఫీసుకు పోయినాము. ఆఫీసరు పట్టా తిప్పి చూసి, ఇది సర్కారు పేదోళ్లకు ఇచ్చిన భూమి, అమ్మే హక్కు లేదు అని తిరిగి ఇచ్చేసినాడు. ఆ సంగతి ముసలాయనకూ తెలీదు. మా బావ ఇచ్చిన డబ్బు ఆయన భార్య ఆపరేషనుకు అయిపోయింది. ఆమె కూడా బతకలేదు.

"నీ చేను నువ్వే దున్నుకోప్పా, నేను అడ్డం రాను," అన్నాడు ముసలాయన, బావ చెయ్యి పట్టుకొని. ఆయన మీద కోపం తెచ్చుకునేదానికి కూడా దారి లేకపాయె.

అప్పీలు వేసినాము. దానికి ముందు పన్నులో కొంత కట్టాలంటే అక్క ఆవుల్ని అమ్మింది. ఆడిటరమ్మ తన ఫీజు తగ్గించుకునింది గానీ ఆశ మాత్రం పెట్టలేదు. "అమ్మకముందు ఒక్క మాట అడిగింటే బాగుండె," అనింది. అడిగినాము కదమ్మా, ఊరంతా అడిగినాము అనుకున్నాను.

బావ అంచెట్టికి పోవడం మానేసినాడు. నాది కాని దాంట్లో విత్తనం ఎట్ల వేసేది అంటాడు. అక్క ఇప్పుడు ఒక రోజాల గ్రీన్‌హౌసులో పూలు కట్టలు కట్టే పనికి పోతావుంది. ముండ్లు గుచ్చుకోకుండా వేళ్లకు పాత గుడ్డ చుట్టుకుంటుంది. అప్పీలు ఏమైందని అడిగితే తీర్పు ఇంకా రాలేదంటారు. వస్తే ఏమొస్తుందో మాకు తెలుసు.

పోయిన ఆదివారం వాళ్లింటికి పోయినాను. బావ నా పక్కకు జరిగి, అక్కకు వినపడకుండా అడిగినాడు.

"మీ కంపెనీలో తోటపని ఏమన్నా ఉంటుందా?"

"అడిగినాను బావా. వయసు ఎక్కువంటారు."

"సరేలే," అన్నాడు.

ఆయన అడగకముందే నేను పోయి అడిగినానని ఆయనకు అర్థమైనట్టుంది. ఇంక నా వైపు చూడలేదు. లోపల నుంచి అక్క అన్నానికి పిలిచింది. ఇద్దరమూ లేచి పోయినాము.