నిచ్చెనకి పట్టని కారు

ఆ వీధిలో ఆయన్ని అందరూ నిచ్చెన అనేవాళ్ళు. కోపం వస్తే భార్య కూడా అదే పేరు అందుకునేది. బస్సుల షెడ్డులో రేకు పని. సొట్టలు పడ్డ బస్సుల్ని సాపు చెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు. ఏం లాభం? ఆ కాళ్ళు ఇచ్చేటప్పుడు దేవుడు కొలత మర్చిపోయాడు. గుమ్మం దాటాలంటే తల వంచాలి, మంచం మీద పడుకుంటే పాదాలు బయటికి రావాలి, బస్సెక్కితే ముందు సీటువాడి వీపులో మోకాళ్ళు గుచ్చుకోవాలి. బుద్ధెరిగినప్పటి నుంచీ ఒదిగి ఒదిగి బతికిన మనిషి. అలాంటివాడు తన చేత్తో ఒక కారు కట్టుకుని, కాళ్ళు బార్లా చాపుకుని నడపాలని ఆశపడ్డాడంటే తప్పేముంది చెప్పండి?

అది మామూలు కారు కాదు, హాట్ రాడ్. తాతల నాటి కారు డొక్కొకటి తెచ్చి, ఉన్నదంతా ఊడబీకి, పైకప్పు కోసి కిందికి దించి, ఆ బండి మోయలేనంత ఇంజను బిగించి తయారుచేసుకునే పరుగు బండి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి అదే లోకం. ఇంజను ముక్కు ముందుకి పొడుచుకొస్తే చూడ్డానికి బాగోదని దాన్ని వెనక్కి జరిపి జరిపి, చివరికి డ్రైవరు కాళ్ళు పెట్టుకునే చోట్లోకి దూర్చేశాడు. చూపుకి మాత్రం అదిరిపోయింది. కూర్చునేవాడి సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాడు.

ఆ తర్వాత అనేది వచ్చేసరికి తోడల్లుణ్ణి పిలవాల్సొచ్చింది. భార్య చెల్లెలి మొగుడు. పక్క వీధిలో కార్లకి సీట్లు కుట్టే షాపు. పొట్టిగా, సన్నగా, ఎక్కడ పెడితే అక్కడ ఇమిడిపోయే మనిషి. మాటా అంతే, ఎవరి దగ్గరైనా ఇట్టే కలిసిపోతుంది. అత్తగారికి అతనంటే ప్రాణం. "చిన్నల్లుడొస్తే ఇల్లు కళకళలాడిపోతుంది" అంటుంది, పెద్దల్లుడు ఎదురుగా తాటిచెట్టులా నిలబడి ఉండగానే. అతన్ని చూస్తే నిచ్చెనకి కడుపు రగిలిపోయేది. ఇంత కుళ్ళు ఉన్నవాడు సాయానికి అతన్నే ఎందుకు పిలిచాడయ్యా అంటే, సీటు పని తెలిసినవాడు ఇంకెవడున్నాడు?

ఇక చూడండి మనవాడి ఘనకార్యం. సీటు ఎక్కడ రావాలో, స్టీరింగ్ ఎంత వాలాలో, పెడల్స్ ఎక్కడ బిగించాలో బయట నిలబడి చూస్తేగానీ తెలీదంటాడు. మరి లోపల ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. "నువ్వు కూర్చో తమ్ముడూ, నేను సుద్దముక్కతో గుర్తులు పెడతా" అన్నాడు. ప్రతి ఆదివారం అదే తంతు. తోడల్లుడు చెక్కపెట్టె మీద కూర్చుని, గాల్లో స్టీరింగ్ పట్టుకుని, నోటితో బుర్రుమంటాడు. ఇతను అతని మడమ దగ్గరొక గీత, మోకాలి దగ్గరొక గీత, నెత్తి పైన జానెడు వదిలి ఇంకో గీత గీస్తాడు. ఆ గీతల ప్రకారమే కోశాడు, అతికాడు, బిగించాడు. రోజంతా రేకులు కొలిచే మనిషికి తన కాళ్ళు కొలుచుకోవాలని ఒక్కసారైనా తట్టలేదంటే ఏమనాలి!

అంతా అయ్యాక కూర్చోబోయాడు. ఒక కాలు పెట్టాడు, నడుము దూర్చాడు, రెండో కాలు ఎక్కడ పెట్టాలో తెలీలేదు. మోకాళ్ళు స్టీరింగ్‌కి అటూ ఇటూ గడ్డం దాకా లేచాయి. మెడ పక్కకి వాలిస్తేగానీ తల పైకప్పు కింద పట్టలేదు. గుమ్మంలో నిలబడ్డ భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏవండీ, మిమ్మల్ని బయటికి తియ్యాలంటే తలుపు కొయ్యాలా?"

"నవ్వు. బాగా నవ్వు."

తర్వాత తోడల్లుడు ఎక్కాడు. అబ్బ, కొలిచి పోత పోసినట్టు సరిపోయాడు! సరిపోడూ మరి? మోచెయ్యి కిటికీ మీద ఆనించి, ఇటు తిరిగి నవ్వాడు.

"మా మరిదికి ఎంత బాగా నప్పిందో చూడండి" అంది భార్య.

నిచ్చెనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంజను తనది, రేకు తనది, చేతుల నిండా కాలిన మచ్చలు తనవి. దర్జాగా కూర్చునేది వీడా? అత్తగారు వీడిదే, నవ్వులు వీడివే, ఇప్పుడు కారు కూడా వీడిదేనా?

"పోనీ అన్నయ్యా, మొదటి పరుగు నన్ను తోలమంటారా? మీరు పక్కన నిలబడి చూద్దురుగాని" అన్నాడు తోడల్లుడు. పాపం, మంచికే అన్నాడు.

"నేను పోయాక తోలుదువుగానిలే" అన్నాడు నిచ్చెన.

మర్నాటి నుంచి షెడ్డు తలుపుకి లోపల గడియ. నిజానికి ఇంజను కాస్త ముందుకి జరిపితే గొడవ తీరిపోయేది. కానీ అలా చేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది కదా! అందుకని కారు కింద రేకు కోసేసి, గొయ్యిలా ఒక తొట్టి చేసి అతికాడు. సీటు వెనక ఉన్న రేకు గోడ కూడా కోసి, పెట్రోలు ట్యాంకుని డిక్కీ చివరికి నెట్టి, సీటు రావాల్సిన చోటుని బాగా వెనక్కి జరిపాడు. ఇది తెలిసి తోడల్లుడు కొత్త సీటు కుట్టి పంపించాడు. కింద ముందుకీ వెనక్కీ జరిగే పట్టీలు కూడా పెట్టాడు. "ఎవరు కూర్చున్నా సరిపోతుంది అన్నయ్యా" అని ఫోను చేసి మరీ చెప్పాడు.

ఎవరు కూర్చున్నానా? ఆ మాటకే ఒళ్ళు మండింది. నిచ్చెన పట్టీలు ఊడదీసి, సీటు చట్రాన్ని తిన్నగా నేల రేకుకి పెట్టి వెల్డింగ్ కొట్టేశాడు. ఇక అది కదలమన్నా కదలదు. ఆ సీట్లో కూర్చుని పెడల్స్ అందుకోగల కాళ్ళు ఆ చుట్టుపక్కల ఒక్కడికే ఉన్నాయి. దాచడం ఎందుకూ, కారు తను నడుపుతాడన్న సంతోషం కన్నా, వాడు నడపలేడన్న సంతోషమే ఆ మనిషికి ఎక్కువైంది.

ఆదివారం పొద్దున్నే గోదాముల వెనక ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్ళారు. నిచ్చెన ఎక్కి కూర్చున్నాడు. కాళ్ళు చాపాడు, చాలినంత చోటు. మెడ నిటారుగా ఉంది. రోడ్డు పక్కన భార్య, తోడల్లుడు. బండి ఒక్క గర్జన గర్జించి దూసుకుపోయింది. లోపలేముంది? కాళ్ళకి వేడి, చెవులు పగిలే మోత, గొయ్యిలో ఉన్నవాడికి ఎదురుగా బానెట్టూ కాస్త ఆకాశమూ. చివరిదాకా వెళ్ళి, తిప్పుకొచ్చి ఆపాడు. బాగానే ఉంది అనుకున్నాడు.

తోడల్లుడు పరిగెత్తుకొచ్చాడు. కళ్ళల్లో నీళ్ళు.

"అన్నయ్యా! మీరు చూడాలి! ఆ మలుపు దగ్గర నేలకి అంటుకుపోయి ఎలా వచ్చిందనుకున్నారు! నా జన్మలో ఇంత అందం చూళ్ళేదు."

"నిజమండీ" అంది భార్య. ఆవిడ మొహం వెలిగిపోతోంది. "మీరు చూసుంటేనా!"

నిచ్చెన స్టీరింగ్ మీంచి చేతులు తీసేశాడు. ఇన్నేళ్ళుగా ఈ పరుగుని ఎన్నిసార్లు ఊహించుకోలేదు! షెడ్డులో, అన్నం తింటూ, బస్సు కింద పడుకుని. ఊహించుకున్నప్పుడల్లా తను రోడ్డు పక్కనే ఉన్నాడు. కారు తన ముందు నుంచే దూసుకుపోయింది. స్టీరింగ్ దగ్గర ఎవడున్నాడో ఎప్పుడూ పట్టించుకోలేదు.

"ఎక్కు" అన్నాడు గబగబా దిగి. "నువ్వు తోలు. నేను చూస్తా."

తోడల్లుడు ఎక్కాడు. గొయ్యిలోకి దిగిపోయి, స్టీరింగ్ పైన కళ్ళు మాత్రం కనిపించాయి. కాళ్ళు గాల్లో ఆడాయి. వీపు వెనక దిండు పెట్టారు, భార్య చేతి సంచీ పెట్టారు, నిచ్చెన తన చొక్కా విప్పి చుట్టి అదీ పెట్టాడు. పెడల్ అందలేదు.

"ఉండండి, సీటు జరుపుతా" అంటూ తోడల్లుడు కిందికి చెయ్యి పెట్టి తడిమాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. తలెత్తి నిచ్చెనని చూశాడు. తిట్టినా బాగుండేది.

కోసి మళ్ళీ బిగించొచ్చు, అది పెద్ద పని కాదు. కానీ మొదటి పరుగు అయిపోయింది. అది చూసిన కళ్ళు వాడి దగ్గరున్నాయి. అత్తగారి ముద్దు చూసి పడ్డ ఏడుపు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నిచ్చెన చొక్కా లేకుండానే రోడ్డు పక్కన గట్టు మీద కూలబడ్డాడు. చివరికి పక్కన చోటు చూపించాడు.

"ఇలా కూర్చో తమ్ముడూ. ఎలా ఉందో చెప్పు."

"ఏం చెప్పను అన్నయ్యా, ఆ మలుపు దగ్గర..."

"ఆగాగు. అప్పుడే మలుపు దాకా వెళ్ళిపోతావేం? స్టార్ట్ చేసిన దగ్గర్నుంచి చెప్పు."