టీ చివరి గుక్క

క్యాన్సరుకు రేడియేషన్ మొదలైనప్పటి నుంచి మా పట్టుపురుగుల గదిలోకి నేను అడుగు పెట్టలేదు. నా ఒంట్లో చేరిన కిరణాలకు పురుగులు చచ్చిపోతాయని భయం. బెంగళూరు నుంచి తిరిగొచ్చే రైల్లో, నాలాగే రేడియేషన్ పెట్టించుకుంటున్న ఒక సైన్సు టీచరమ్మకు ఆ మాట చెప్పినాను.

ఆమె చేతిలోని టీ కప్పు చూపించింది. "లెక్క వేసి చూసినానమ్మా. ట్రీట్‌మెంటు మొత్తంలో మన ఒళ్ళు పీల్చుకునే శక్తి ఈ ఒక్క గుక్క టీ వేడంత కూడా ఉండదు. అదీ ఒంట్లో నిలవదు. నిమ్మళంగా పోయి ఆకు వెయ్యి."

రైలు మాలూరు స్టేషను దాటేసరికి నాకు ఇంకో భయం పట్టుకుంది. "అంత కొంచెమైతే, ఇంగ రోగం యాడ చస్తాదమ్మా?"

ఆమె కప్పులో మిగిలిన గుక్కను కళ్ళు మూసుకొని, మందు మాదిరి మెల్లగా తాగింది.

ఆ సాయంత్రమే పురుగులకు మల్బరీ ఆకు వేసినాను. టీ చివరి గుక్క మాత్రం ఇప్పటికీ ఆమె మాదిరే తాగుతాను.